ట్రీట్‌మెంట్ అయిపోయాక తమ్ముడికి ఫోన్‌లోనే సపోర్ట్ దొరుకుతుందా?

వరంగల్ అక్క:
మా తమ్ముడికి 19 ఏళ్లు, బ్లడ్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ పోయినేడు అయిపోయింది, రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయ్, కానీ కాలేజీకి పోనంటడు, కొంచెం జ్వరమొచ్చినా మళ్లీ వచ్చిందేమోనని రాత్రంతా నిద్రపోడు. ఎవరితో మాట్లాడడు, ఫోన్ మాత్రం వదలడు. దాంట్లనే సాయం దొరికేది ఏమన్నా ఉందా, తెలుగులో?

సర్వైవర్ 2015:
అక్కా, ఆ భయం చాలామందికి ఉంటుంది, నాకు స్కాన్ డేట్ దగ్గరపడితే అన్నం సహించేది కాదు. టెలి మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి కాల్ చేయండి, 2022లో కేంద్రం పెట్టింది, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. తను చేయనంటే ముందు మీరే చేసి వాడి గురించి చెప్పండి. తన వయసు సర్వైవర్స్ గ్రూప్ ఏదైనా ఉందేమో హాస్పిటల్ సోషల్ వర్కర్‌ని అడగండి, డాక్టర్ చెప్పినదానికంటే అదే కష్టం పడ్డవాడు చెప్తే త్వరగా ఎక్కుతుంది. వాట్సాప్‌లో మందులు అమ్మే గ్రూపుల జోలికి మాత్రం వద్దు ప్లీజ్.

విజయవాడ నర్స్:
ఇంకోటమ్మా, ఏ కీమో ఎంత డోస్ ఇచ్చారో సమ్మరీ రాయించుకుని డిజిలాకర్‌లో పెట్టుకోమనండి. డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందులు ఏళ్ల తర్వాత కూడా గుండె మీద ప్రభావం చూపొచ్చు, అందుకే ఎకో (గుండె స్కాన్) ఎప్పుడెప్పుడు చేయించాలో అడగాలి. ముంబై టాటా మెమోరియల్‌లో పిల్లలప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకోసం 1991 నుంచే విడిగా క్లినిక్ ఉంది.

వరంగల్ అక్క:
థాంక్యూ అండి, సమ్మరీ సంగతి మాకెవరూ చెప్పలే. ఈ సాయంత్రం 14416కి నేనే చేస్త.