శిక్షణ బడిలో తయారైనవారా, ఇండీ రింగుల్లో రాటుదేలినవారా?

మూడోతాడు:
మా తమ్ముడి కోసం అడుగుతున్నాను. ఇరవై ఏళ్లవాడు, ప్రొఫెషనల్ రెజ్లర్ అవుతానని పట్టుబట్టాడు. ఒక శిక్షణ కేంద్రంలో ఏడాది కోర్సుకు చోటు దొరికింది. ఇంతలో చిన్న షోలు నడిపే ఒకాయన వాడి బుర్ర పాడుచేశాడు. ‘ఫీజు దండగ, వారాంతాల్లో మా దగ్గరికి రా, రింగు బిగించడంలో ఓ చెయ్యి వెయ్యి, ఆరు నెలల్లో మ్యాచ్ ఇస్తాను’ అన్నాడట. నాకు టీవీలో చూడటం తప్ప ఏమీ తెలియదు. బడిలో నేర్చుకున్నవారు మెరుగ్గా వస్తారా, ఇండీ సర్క్యూట్‌లో, అంటే పెద్ద కంపెనీలతో సంబంధం లేని చిన్న షోల్లో, తిరిగినవారా? రింగు ఎక్కినవారు చెబితే బాగుంటుంది.

నేలకరిచినవాడు:
రెండేళ్లు బడిలో, నాలుగేళ్లు ఇండీలో గడిపాను. పడటం నేర్చుకోకుండా మాత్రం వాణ్ని ఆయన దగ్గరికి పంపకండి.

మాకు మొదటి మూడు వారాలూ పడటమే పాఠం. ముందు గొంతుక్కూర్చుని, తర్వాత నిలబడి, వెనక్కి పడాలి. గడ్డం ఛాతీకి ఆనాలి. చేతులు ఒంటికి కాస్త ఎడంగా చాచి, అరచేతులూ ముంజేతులూ ఒకేసారి మ్యాట్ మీద చరచాలి. ఊపిరి బయటికి వదిలేయాలి. అప్పుడే దెబ్బ వీపు పైభాగమంతా పరుచుకుంటుంది. ఒక రోజు గడ్డం సంగతి మరిచిపోయాను, తల వెనుకభాగం నేలకు కొట్టుకుంది. సాయంత్రం బూటు లేసు విప్పడానికి వంగితే గది తిరిగింది. మా శిక్షకుడు పది రోజులు నన్ను రింగు మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. అదే షోలో జరిగి ఉంటే, టికెట్లు అమ్ముడయ్యాక నన్ను ఎవరు ఆపుతారు?

తాళ్లు టీవీలో రబ్బరులా సాగుతున్నట్టు కనిపిస్తాయి. నేను పరుగెత్తిన రింగుల్లో చాలావాటికి లోపల ఉక్కు తీగ, దాని మీద గొట్టం, ఆపైన టేపు. మొదటి వారానికే చంక కిందినుంచి పక్కటెముకల దాకా నల్లగా కమిలిపోయింది. కుడి పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

పాతటేపులు:
నేను రింగు ఎక్కలేదు, ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అభిమానిగా ఒక్క ఉదాహరణ చెప్పనివ్వండి. డబ్ల్యూడబ్ల్యూఈ వారి 2012 సర్వైవర్ సిరీస్ షోలో షీల్డ్ అనే ముగ్గురి జట్టు వచ్చింది. సెత్ రోలిన్స్, డీన్ ఆంబ్రోస్ ఏళ్ల తరబడి ఇండీల్లో తిరిగి వచ్చినవారు. అందులో రోలిన్స్ 2010లో రింగ్ ఆఫ్ ఆనర్ అనే ఇండీ కంపెనీకి ఛాంపియన్ కూడా. రోమన్ రెయిన్స్ మాత్రం ఫుట్‌బాల్ వదిలేసి నేరుగా డబ్ల్యూడబ్ల్యూఈ శిక్షణ విభాగంలో చేరాడు.

ఆ మొదటి ఏడాది మ్యాచ్‌లు ఇప్పుడు మళ్లీ చూడండి. దెబ్బలు తింటూ, జనాన్ని ఊరిస్తూ మ్యాచ్ పొడవంతా మోసింది ఆ ఇద్దరే. రెయిన్స్ చివర్లో వచ్చి రెండు గట్టి దెబ్బలు వేసేవాడు. అయినా ముగ్గురిలో అతి పెద్ద తార అయింది రెయిన్సే. మెరుగు అంటే మ్యాచ్ నడపడమా, జనాన్ని రప్పించడమా? అది తేలకుండా ఈ వాదన తెగదు.

లెక్కలమాస్టారు:
పాతటేపులు గారూ, ఉదాహరణ బాగుంది గానీ ఇండీ పక్షం వాళ్లు తెచ్చే పేర్లలో ఒక చిక్కుంది. పెద్ద తారలైన సీఎం పంక్, బ్రయన్ డేనియల్సన్ ఇద్దరూ ఇండీ బిడ్డలే అంటారు. డేనియల్సన్ 1999లో పాత ఛాంపియన్ షాన్ మైకేల్స్ నడిపిన బడిలో నేర్చుకున్నాకే ఇండీ షోలకు వెళ్లాడు. పంక్ కూడా షికాగోలో స్టీల్ డొమైన్ అనే బడినుంచి వచ్చినవాడే. బడి మెట్టు తొక్కకుండా పైకి వచ్చినవారి జాబితా రాయమంటే కాగితం సగం కూడా నిండదు.

బడి పక్షం లెక్కా అంతే. 2013లో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు ఓర్లాండోలో ఏడు రింగులతో పర్‌ఫార్మెన్స్ సెంటర్ అనే శిక్షణ కేంద్రం తెరిచారు. అక్కడికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే వడపోత దాటిన క్రీడాకారులు. బియాంకా బెలెయిర్ పరుగు పందేలనుంచి వచ్చింది. ఆమె ఎగరడంలో బడి వాటా ఎంత, ఆమె కాళ్ల వాటా ఎంత? కర్ట్ యాంగిల్ 1996 ఒలింపిక్ స్వర్ణంతో వచ్చి, 1999 నవంబరులో టీవీలో తొలి మ్యాచ్ ఆడి, 2000 అక్టోబరుకల్లా ఛాంపియన్ అయ్యాడు. టోక్యో స్వర్ణం గెలిచిన గేబుల్ స్టీవ్‌సన్‌కూ అలాగే ఎర్రతివాచీ పరిచారు, 2024లో వదిలేసుకున్నారు. మ్యాట్ మీద ఇద్దరూ మేటి మల్లయోధులే. అరిచే జనం ముందు నిలబడటం ఒకరికే పట్టుబడింది.

చారల చొక్కా:
తొమ్మిదేళ్లుగా రిఫరీగా ఉన్నాను. ఇద్దరికీ మూడడుగుల దూరంలో నిలబడేవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

బడి పిల్లలు ముందే అల్లుకున్న మ్యాచ్‌ను పద్యంలా బట్టీ పట్టి వస్తారు. ఒక్క పాదం మరిచిపోతే మొదటికి వెళ్లాలి. ఒక రాత్రి మూడో నిమిషంలో టర్న్‌బకిల్ దగ్గర, అంటే తాడును మూల స్తంభానికి బిగించే చోట, కొక్కెం ఊడి పైతాడు వేలాడింది. కుర్రవాడి ముగింపంతా ఆ తాడు మీదనుంచి దూకడమే. దానివైపు చూస్తూ కొయ్యబారిపోయాడు. ఎదుటివాడు పన్నెండేళ్లు ఇండీల్లో నలిగిన మనిషి. వెంటనే మెడ పట్టు పట్టి, కుర్రవాడి చెవిలో నాలుగు మాటలు చెప్పాడు. తర్వాత లేచి తాడును తనే తెంపినట్టు జనం ముందు గొప్పలు పోయాడు. జనం తిట్టారు, అతనికి కావలసిందీ అదే. చివరికి ఆ వేలాడే తాడు కాలికి చుట్టుకుని తనే ఓడిపోయాడు. మ్యాచ్ మొత్తం అక్కడికక్కడే అల్లేశాడు! ఇది ఏ తరగతిలోనూ చెప్పరు.

ఇక రెండో వైపు. గురువు లేకుండా తిరిగినవారికి చెడ్డ అలవాట్లు గట్టిపడిపోతాయి. పైనుంచి దూకినప్పుడు మోకాలు ఎక్కడ దిగుతుందో చూసుకోరు. నిజమైన గాయం అయితే రిఫరీ రెండు చేతులూ ఇంటూ గుర్తులా పైకెత్తుతాడు, అంటే ఆపాలని. ఒకసారి నేను అలా ఎత్తినా ‘ఒక్క దెబ్బ, ఒక్కటే’ అంటూ కొట్టిన మహానుభావుడున్నాడు. కింద ఉన్నవాడికి భుజం ఊడింది.

ఇంకొకటి, నవ్వొస్తుంది గానీ నిజం. చాలా దేశాల బడుల్లో పట్లన్నీ ఎదుటివాడి ఎడమవైపే నేర్పుతారు. మెక్సికోలో లూచా అనే రెజ్లింగ్ సంప్రదాయంలో కుడివైపు. ఒకే బడిలో పెరిగిన కుర్రవాడికి ఒక లూచా వీరుణ్ని జత చేశారు. గంట కొట్టగానే ఇద్దరూ ఒకే వైపుకు వంగి నుదుళ్లు ఢీకొట్టుకున్నారు.

సింహిక:
చారల చొక్కా గారు చెప్పిన కుర్రవాడి స్థితి నాకు బాగా తెలుసు. మా బడిలో అమ్మాయిలం ఇద్దరమే. పద్నాలుగు నెలలు ఒకరితో ఒకరమే ఆడాం. ఆమె ఎప్పుడు ఊపిరి పీలుస్తుందో, ఏ కాలు ముందు కదుపుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. మా మ్యాచ్ చూసినవాళ్లు ఇక టీవీకి సిద్ధం అనేవారు. మొదటి ఇండీ షోలో ముక్కూ మొహం తెలియని ఒకావిడతో వేశారు. నేను పైకి లేస్తాననుకుని ఆమె విసిరింది, ఆమె లేపుతుందనుకుని నేను బరువు వదిలాను. ఇద్దరం మూటల్లా పడ్డాం. నాకు వచ్చింది రెజ్లింగ్ కాదని, ఒక మనిషితో రెజ్లింగ్ అని ఆ రాత్రి తెలిసింది.

అయినా బడిని తక్కువ చేయను. ఇండీ డ్రెస్సింగ్ రూముల్లో ఒక ఆడపిల్లకు ఇబ్బంది ఎదురైతే చెప్పుకోవడానికి మనిషి ఉండడు. బడిలో మాకు కనీసం ఆ దిక్కు ఉండేది.

జపాన్‌వాళ్లు ఈ గొడవను ఎప్పుడో తేల్చుకున్నారు. న్యూ జపాన్ కంపెనీ డోజోలో, అంటే శిక్షణ బడిలో, చేరినవారు నల్ల నిక్కరు, నాలుగు ప్రాథమిక పట్లతో మొదలుపెడతారు. వంట, ఊడ్పు, పెద్దల సామాన్లు మోయడం అన్నీ వారివే. మన బైఠక్‌లనే అక్కడ హిందూ స్క్వాట్ అని వందల్లో తీయిస్తారు. అంత క్రమశిక్షణ నేర్పాక కూడా ఇంట్లో ఉంచుకోరు, పరాయి దేశాల రింగులకు తోలేస్తారు. కజుచికా ఒకాడా అలాగే అమెరికా వెళ్లి 2012 జనవరిలో తిరిగొచ్చాడు. ఫిబ్రవరిలో అప్పటి ఛాంపియన్ తానాహాషిని ఓడించి బెల్టు పట్టుకెళ్లాడు. వెళ్లినప్పటి మనిషికీ వచ్చినప్పటి మనిషికీ పోలికే లేదు.

పాతటేపులు:
సింహిక గారి మాటకు ఇంకో ముడి. జాన్ సీనా, బ్రాక్ లెస్నర్, రాండీ ఆర్టన్, బటిస్టా ఒకే కాలంలో తయారైన ఓహైయో వ్యాలీ రెజ్లింగ్ కూడా బడే. కానీ అక్కడ టికెట్ కొన్న జనం ముందు వారం వారం షో ఉండేది. మంగళవారం నేర్చుకున్నది పనిచేయకపోతే వారం తిరక్కుండానే తెలిసిపోయేది.

నేలకరిచినవాడు:
ఇప్పుడైతే గీత ఇంకా చెరిగింది. 2024లో డబ్ల్యూడబ్ల్యూఈ ‘ఐడీ’ పేరుతో బయటి బడులను గుర్తించడం మొదలుపెట్టింది. వాటిలో రోలిన్స్ బడి, పాత రెజ్లర్ బుకర్ టీ బడి ఉన్నాయి. అక్కడి పిల్లలు ఇండీ షోల్లో ఆడుతూనే కంపెనీ కంట్లో ఉంటారు. మూడోతాడు గారూ, మీ తమ్ముడు చేరబోయే బడికి సొంత షోలు ఉన్నాయా? బయటి షోలకు పంపుతారా? రెండూ లేకపోతే సింహిక గారి కథే.

లెక్కలమాస్టారు:
ఆ షో ఆయన మాట కూడా కొట్టిపారేయవద్దు. రింగు బిగించేవాడికి ఏ పలక ఎక్కడ మెత్తనో తెలుస్తుంది. కాకపోతే అది రెండో చదువు.

మూడోతాడు:
నిన్న ఇద్దరం రెండు చోట్లకూ వెళ్లాం. బడికి నెలకో షో ఉందట, ఏడో నెలనుంచి బయటికి పంపుతారట. షో ఆయనను ‘పడటం ఎవరు నేర్పుతారు?’ అని అడిగాను. ‘రింగే నేర్పుతుంది’ అన్నాడు.

చారల చొక్కా:
ఆ రింగు మ్యాట్ ఎత్తి చూశారా?

మూడోతాడు:
మీరు అడుగుతారనే చూశాను. ప్లైవుడ్ పలకలు, వాటి మీద ఒక పాత కంబళి. ఫోమ్ పొర లేనే లేదు. తమ్ముడు దాన్ని చేత్తో నొక్కి చూసి ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి బడి దరఖాస్తు నింపాడు.