కెమెరా తనిఖీపై లెమెల్సన్ పేటెంట్లు: 2004 నాటి తీర్పు ఒంటరి ఆవిష్కర్తకు అన్యాయం చేసిందా?

గోదావరిగట్టు:

కెమెరాతో చూసి వస్తువు బాగుందో లేదో యంత్రమే తేల్చే పద్ధతి ఇప్పుడు మందుల ఫ్యాక్టరీ నుంచి రైస్ మిల్లు దాకా అన్ని చోట్లా కనిపిస్తుంది. అటువంటి యంత్రాన్ని 1950లలోనే ఊహించి కాగితం మీద పెట్టిన జెరోమ్ లెమెల్సన్ అనే అమెరికన్ ఆవిష్కర్త విషయంలో అక్కడి న్యాయస్థానాలు సరిగా వ్యవహరించాయా అన్నది నా ప్రశ్న.

తెలియనివారి కోసం వ్యవహారం క్లుప్తంగా చెబుతాను. లెమెల్సన్ 1954లో ఒకటి, 1956లో మరొకటి పేటెంట్ దరఖాస్తులు పెట్టారు. వస్తువును టీవీ కెమెరా వంటి సాధనంతో స్కాన్ చేసి, వచ్చిన సంకేతాన్ని ముందుగా అయస్కాంత టేపు మీద భద్రపరచిన ప్రమాణ సంకేతంతో పోల్చి, తేడాను పట్టుకోవడం వాటి సారాంశం. ఆ రెండింటి నుంచి పుట్టిన పిల్ల దరఖాస్తుల (పాత వివరణ ఆధారంగా తరువాత పెట్టే కొత్త దరఖాస్తుల) ద్వారా దశాబ్దాల పాటు ఆయనకు కొత్త పేటెంట్లు వస్తూనే ఉన్నాయి. 1992లో 12 జపాన్ కార్ల కంపెనీలు 10 కోట్ల డాలర్లు చెల్లించి ఆయనతో రాజీపడ్డాయి. మొత్తం లైసెన్సు రుసుములు వంద కోట్ల డాలర్లు దాటాయి. 1997లో ఆయన మరణించాక, మెషీన్ విజన్ (కెమెరాతో చూసి యంత్రమే తేల్చే పద్ధతి) పరికరాలు తయారు చేసే కాగ్నెక్స్ 1998లోను, బార్‌కోడ్ రీడర్లు తయారు చేసే సింబల్ తదితర కంపెనీలు 1999లోను ఆయన ఫౌండేషన్ మీద దావా వేశాయి. 2004 జనవరిలో నెవాడాలోని ఫెడరల్ న్యాయమూర్తి ఫిలిప్ ప్రో ఆ పేటెంట్లు అమలుకు పనికిరావని తేల్చారు, 2005లో పైకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

నా అభిప్రాయంలో ఇది అన్యాయం. బార్‌కోడ్‌ను నిజంగా కనిపెట్టిన నార్మన్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్‌ల సంగతి చూడండి. వారు 1949లో దరఖాస్తు పెట్టారు, 1952లో పేటెంట్ వచ్చింది, దాన్ని 15 వేల డాలర్లకు అమ్ముకున్నారు, 1969లో దాని గడువు ముగిసింది. సూపర్ మార్కెట్ కౌంటర్ మీద మొదటి వస్తువు స్కాన్ అయింది 1974 జూన్‌లో. చట్టం చెప్పినట్టు బుద్ధిగా నడుచుకున్నవారికి దక్కింది అంతే. కాలానికంటే ముందు ఆలోచించినవాడు పరిశ్రమ తనను అందుకునే దాకా ఎదురుచూస్తే, అందులోనూ అప్పటి చట్టం అనుమతించిన దారిలోనే ఎదురుచూస్తే, దాన్ని నేరంగా ఎందుకు చూడాలి?

క్లెయిమ్ చదువరి:

గోదావరిగట్టు గారూ, ప్రశ్న బాగుంది గాని, మీరు చెప్పిన కథలో ఒక ముఖ్యమైన భాగం లేదు. లెమెల్సన్ ఎదురుచూడడం ఒక్కటే చేయలేదు. ఎదురుచూస్తున్న కాలంలో క్లెయిములను కొత్తగా రాస్తూ వచ్చారు.

పేటెంట్ పత్రంలో రెండు భాగాలుంటాయని గుర్తు చేసుకుందాం. ఆవిష్కరణ ఎలా పనిచేస్తుందో చెప్పే వివరణ ఒకటి, యజమాని హద్దులు గీసే క్లెయిములు రెండవది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం వివరణ మారకుండా దాని మీద పిల్ల దరఖాస్తులు పెట్టి కొత్త క్లెయిములు రాసుకోవచ్చు. గడువును పేటెంట్ మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లుగా లెక్కించేవారు. మంజూరు కాని దరఖాస్తు బయటి ప్రపంచానికి కనిపించేది కాదు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఊహించండి: 1954 నాటి వివరణ, 1980లలో మార్కెట్‌లోకి వచ్చిన యంత్రాలను చూసి రాసిన క్లెయిములు, ఆ తరువాత మొదలయ్యే 17 ఏళ్లు. యంత్రం తయారు చేసినవాడు ఎంత జాగ్రత్తపరుడైనా ముందుగా వెతికి చూసుకునే అవకాశమే లేదు. కోర్టు లెక్క ప్రకారం దరఖాస్తుకూ మంజూరుకూ మధ్య ఆలస్యం 18 నుంచి 39 ఏళ్లు. 1914 నుంచి 2001 వరకు అమెరికాలో అత్యంత దీర్ఘకాలం నడిచిన పేటెంట్ దరఖాస్తుల జాబితాలో మొదటి 13 స్థానాలూ ఆయనవేనని తీర్పులో నమోదైంది.

పేటెంట్ కార్యాలయమే ఒక దరఖాస్తును ముక్కలు చేయమంది కాబట్టి ఆలస్యమైందన్న వాదన కోర్టు ముందుకు వచ్చింది. అటువంటి సందర్భంలో దరఖాస్తును విడగొట్టి మళ్లీ దాఖలు చేయడం సబబేనని పైకోర్టు కూడా ఒప్పుకుంది. వ్యాపార లాభం కోసం కాలం సాగదీయడానికే అదే పని పదే పదే చేయడం వేరని మాత్రం అన్నది. ఈ సూత్రం ఆయన కోసం కొత్తగా పుట్టించింది కూడా కాదు. గొట్టం లోపల చారలున్న ఫిరంగికి గుండు రూపొందించిన వుడ్‌బ్రిడ్జ్ అనే ఆయన 1852లో తన పేటెంట్‌ను ఏడాది పాటు రహస్యంగా ఉంచమని కోరి, తొమ్మిదేళ్లకు పైగా దాని ఊసెత్తలేదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన హక్కు చెల్లదని తీర్పు చెప్పింది. ఫిరంగి గుండు కేసు మెషీన్ విజన్‌కు అక్కరకు రావడం చూస్తే న్యాయశాస్త్రంలో ఏదీ పాతబడదేమో అనిపిస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆలస్యం సంగతి పక్కన పెట్టినా, ఆ వివరణ చదివి 1950లలోని నిపుణుడు క్లెయిముల్లో చెప్పిన యంత్రాన్ని తయారు చేయలేడని జిల్లా కోర్టు విడిగా తేల్చింది. పైకోర్టు ఆలస్యం ఒక్కదాని మీదే తీర్పును నిలబెట్టి ఆ జోలికి వెళ్లలేదు. నా దృష్టిలో అసలు తీర్పు ఇదే. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను 176 నిలువు, 176 అడ్డం బిందువులుగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది 1957లో. దానికి మూడేళ్ల ముందు రాసిన పత్రం, బొమ్మలోని ఆకారాన్ని వెతికి గుర్తించే 1990ల నాటి సాఫ్ట్‌వేర్‌ను ఎలా నేర్పగలదు?

బియ్యంమిల్లు ఇంజనీరు:

చట్టం విషయం పెద్దలు చెప్పారు. యంత్రం పక్కన నిలబడేవాడిగా నేను సాంకేతిక విషయం చెబుతాను.

మన దుకాణాల్లో సంచి మీద సార్టెక్స్ బియ్యం అని రాసి ఉంటుంది. ఒక బ్రిటిష్ కంపెనీ పేరు అది. మన దగ్గర రంగును బట్టి గింజను వేరు చేసే యంత్రాలన్నిటికీ అదే పేరు స్థిరపడిపోయింది. వాలుగా ఉన్న పళ్లెం మీద నుంచి గింజలు పలుచగా జారుతాయి. ముందు వెనుక కెమెరాలు వాటిని గీత గీతగా చూస్తాయి. రంగు మారిన గింజ, నల్ల మచ్చ గింజ, మట్టిబెడ్డ కనిపిస్తే కింద ఉన్న ఎజెక్టర్ సన్నని గాలి దెబ్బతో దాన్ని పక్కకు కొడుతుంది. దెబ్బకు పక్కనున్న మంచి గింజలు కూడా కొన్ని పోతాయి కాబట్టి తిరస్కరించిన సరుకును మళ్లీ ఒకసారి యంత్రం గుండా పంపుతారు.

వెలుతురుతో గింజను చూసి ఏరాలన్న ఆలోచన లెమెల్సన్ కంటే పాతది. 1930లలోనే అమెరికాలో ఫొటోసెల్ (వెలుతురును విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం) పెట్టి చిక్కుడు గింజలను ఏరే యంత్రాలు వచ్చాయి. ఆ రోజుల్లో కంప్యూటర్ లేదు, నిల్వ చేసిన ప్రమాణ బొమ్మ లేదు. గింజ వెనుక ఒక పలకను పెట్టి, దాని వెలుగు మంచి గింజ వెలుగుతో సరిగ్గా సమానమయ్యేలా సర్దేవారు. అప్పుడు మంచి గింజ అడ్డం వచ్చినా సంకేతంలో మార్పు ఉండదు, చెడ్డ గింజకే మారుతుంది. ఇంతకంటే తెలివైన ఉపాయం ఈ రంగంలో నేను చూడలేదు. వెనుక పలకను సర్దే ఈ సూత్రం తరువాత వచ్చిన యంత్రాల్లోనూ కొనసాగింది.

అంటే ఆలోచన చాలామందికి వచ్చింది. దశాబ్దాలు పట్టింది ఆలోచన కాదు: వెలుతురు నిలకడగా ఉండడం, దుమ్ములో కూడా గాజు శుభ్రంగా ఉండడం, సెన్సర్ వేగం, అలసిపోకుండా తెరుచుకుని మూసుకునే గాలి వాల్వు. ఉప్పుడు బియ్యానికి పెట్టిన సెట్టింగుతో పచ్చి బియ్యం నడిపితే ఫలితం ఎలా ఉంటుందో మిల్లు ఆపరేటర్‌ను అడగండి. ఇవన్నీ ఒక్కొక్కటిగా సాధించినవారిని వదిలేసి, పోల్చి చూడాలని మాత్రమే చెప్పినవారికి కప్పం కట్టమనడం నాకు మింగుడుపడదు.

ఇంకొక మాట. లైసెన్సు నోటీసులు ఎక్కువగా వెళ్లింది కెమెరా యంత్రం తయారు చేసినవారికి కాదు, కొని వాడుకుంటున్నవారికి. కార్లు తయారు చేసేవారికి తమ ఫ్యాక్టరీలోని కెమెరా లోపల ఏం జరుగుతుందో తెలియదు, కోర్టులో వాదించే ఆసక్తీ ఉండదు. డబ్బు కట్టి పని చూసుకుంటారు. తయారీదారులే చొరవ తీసుకుని దావా వేయాల్సి వచ్చింది అందుకే.

పిక్సెల్ విద్యార్థి:

నేను ఇమేజ్ ప్రాసెసింగ్ చదువుతున్నాను. సరిగా నడిచిన పేటెంట్లు కూడా ఈ రంగంలో ఉన్నాయని గుర్తు చేయాలనిపించింది. బొమ్మలో సరళ రేఖలను పట్టుకునే హఫ్ పద్ధతి 1962 నాటి అమెరికా పేటెంట్. బబుల్ చాంబర్ అనే భౌతికశాస్త్ర పరికరంలో తీసిన ఫొటోలలో అణు కణాల జాడలను వెతకడానికి పాల్ హఫ్ దాన్ని రూపొందించారు. సైజు మారినా, తిప్పినా వస్తువును గుర్తుపట్టే సిఫ్ట్ పద్ధతిని డేవిడ్ లోవ్ 1999లో వెల్లడించారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న ఆ పేటెంట్ 2020 మార్చిలో ముగిసింది. ఆ ఏడాదే అందరూ ఉచితంగా వాడుకునే ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని తన ప్రధాన భాగంలోకి తెచ్చుకుంది. ఈ మధ్యకాలమంతా పద్ధతి అందరికీ తెలుసు, పరిశోధనా వ్యాసం అందరూ చదివారు, గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్ చూసి చెప్పగలిగేవారు.

అయితే మన దేశంలో గణిత పద్ధతులకూ అల్గారిథమ్‌లకూ పేటెంట్ ఇవ్వరంటారు కదా. అలాంటప్పుడు లోవ్ లాంటివారికి ఇక్కడ రక్షణ ఏది?

గోదావరిగట్టు:

ముగ్గురికీ ధన్యవాదాలు. క్లెయిమ్ చదువరి గారు చెప్పిన రెండవ కారణం, అంటే వివరణ చాలకపోవడం, దాని బలం దానికి ఉంది. కోర్టు అదొక్కటే చెప్పి ఆగి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేవాడిని కాదు. పైకోర్టు నిలబెట్టింది మాత్రం ఆలస్యాన్ని. పైగా ఎన్నేళ్ల ఆలస్యం అసమంజసమో కచ్చితమైన కొలత చెప్పడానికి అది ఒప్పుకోలేదు. సందర్భాన్ని బట్టి చూస్తామంది. పెద్ద కంపెనీకి ఈ అనిశ్చితి ఒక ఖర్చు మాత్రమే. ఇంట్లో కూర్చుని ఆవిష్కరణలు చేసే మనిషికి, అప్పటిదాకా చట్టబద్ధంగా కనిపించిన దారి తరువాత తప్పని తేలడం మొత్తం ఆస్తి పోవడమే. 1995లో అమెరికా గడువును దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లుగా మార్చింది. అటువంటి స్పష్టమైన నియమంతో నాకు పేచీ లేదు. పాత నియమం కింద ఆడినవాడిని తరువాత వచ్చిన అభిప్రాయంతో కొలవడమే నా అభ్యంతరం.

ఇక మిల్లు ఇంజనీరు గారూ, వాల్వు చేసినవాడికి వాల్వు మీద పేటెంట్ వస్తుంది. మొదటి ఆలోచన చేసినవాడికి ఏమీ రాకూడదనడానికి అది కారణం కాదు. వుడ్‌ల్యాండ్ గురించి నేను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

క్లెయిమ్ చదువరి:

ముందుగా విద్యార్థి గారి ప్రశ్న. మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె) గణిత పద్ధతిని, అల్గారిథమ్‌ను, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను యథాతథంగా ఆవిష్కరణగా గుర్తించదు. అయితే ఫెరిద్ అల్లానీ కేసులో 2019లో ఢిల్లీ హైకోర్టు, సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినంత మాత్రాన దరఖాస్తును తోసిపుచ్చకూడదని, సాంకేతిక ప్రభావం ఉందో లేదో చూడాలని చెప్పింది. కాబట్టి బ్లిస్టర్ ప్యాకింగ్‌లో విరిగిన మాత్రను కనిపెట్టడానికి వెలుతురును ఏ కోణంలో వేయాలి, నీడను ఎలా తీసేయాలి, ఏ క్షణాన ఆ ప్యాకెట్‌ను లైన్ నుంచి తప్పించాలి అన్నవి కలిపి అడిగితే అవకాశం ఉంటుంది. బిందువుల విలువలకు ఒక కొత్త సూత్రం మాత్రమే రాసి అడిగితే కష్టం.

గోదావరిగట్టు గారు భయపడే అనిశ్చితికి ఇక్కడ తావు తక్కువ. 18 నెలలకు దరఖాస్తు ప్రచురితమవుతుంది. గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు. విడగొట్టిన దరఖాస్తుకు కూడా మూల దరఖాస్తు తేదీయే లెక్క. దరఖాస్తును పరీక్షించమని పేటెంట్ కార్యాలయాన్ని కోరడానికి ఉన్న 48 నెలల వ్యవధిని 2024లో 31 నెలలకు తగ్గించారు.

వుడ్‌ల్యాండ్ సంగతికి వస్తే, ఆయన నష్టపోయారన్నది నిజమే. అయినా ఆయన పత్రం 1952 నుంచి అందరి ముందూ ఉంది. ఆ పేటెంట్ చివరకు ఆర్‌సీఏ అనే అమెరికన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ చేతికి చేరింది, అందులోని గుండ్రటి బార్‌కోడ్‌ను 1972లో సిన్సినాటిలోని ఒక క్రోగర్ దుకాణంలో పరీక్షించారు. ఆయన స్వయంగా ఐబీఎంలో పనిచేస్తూ చారల కోడ్ రూపకల్పనలో పాల్గొన్నారు. ఆయనకు మరింత దక్కాల్సిందన్న మాటతో నాకు విరోధం లేదు. కాని గడువు పెంచి ఇవ్వడం ఒకటి, గడువు ఎప్పుడు మొదలవుతుందో ఆవిష్కర్త చేతిలోనే పెట్టడం మరొకటి. మొదటిది కావాలంటే చట్టసభను అడగాలి.

ఇప్పుడు నన్ను కలవరపెడుతున్నది లెమెల్సన్ కాదు. శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ లోపాన్ని గుర్తిస్తుంది అని ఒక్క వాక్యంలో ముగించే దరఖాస్తులు. ఏ వెలుతురులో తీసిన బొమ్మలు, వాటి మీద లోపాలను ఎవరు ఏ ప్రమాణంతో గుర్తించారు, అరుదైన లోపానికి తగినన్ని నమూనాలు ఎలా దొరికాయి అన్న వివరాలు ఉండవు. మన చట్టంలోని సెక్షన్ 10(4) ఆవిష్కరణను పూర్తిగా వివరించాలని, దరఖాస్తుదారుకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని వెల్లడించాలని కోరుతుంది. ఎగ్జామినర్లు ఆ సెక్షన్‌ను ఈ దరఖాస్తుల మీద గట్టిగా ప్రయోగించాలని నా వాదన. లేకపోతే 1954 నాటి పత్రాలకు ఉన్న లోపమే మళ్లీ వస్తుంది, కాకపోతే ఈసారి 20 ఏళ్లకు పరిమితమై.

బియ్యంమిల్లు ఇంజనీరు:

అడగవలసినవే అడిగారు, ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ వివరాలే యంత్రం తయారీదారు అసలు పెట్టుబడి. గట్టిగా అడిగితే ఆయన పేటెంట్‌కే రారు. సెట్టింగులన్నీ తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌లో దాచి వ్యాపార రహస్యం అంటారు. మిల్లులో కొత్త రకం వరి వస్తే యంత్రానికి ఆ రకాన్ని నేర్పించడానికి కంపెనీ మనిషి కోసం ఎదురుచూడాల్సిన పరిస్థితి ఇప్పటికే కొన్ని చోట్ల ఉంది. వెల్లడించమని ఒత్తిడి చేస్తే వెల్లడి పెరుగుతుందా, దాపరికం పెరుగుతుందా అన్నదానికి మీ అనుభవంలో సమాధానం ఉంటే రాయండి.