అప్‌డేట్: విరిగిన దవడ పన్నుకి క్యాప్ కాదు, ఆన్‌లే (విరిగిన భాగాన్ని కప్పుతూ పన్ను పైన అతికించే ముక్క) వేయించుకున్నాను

కింది దవడ పన్నులో పాత సిమెంటు పక్కన ఒక మూల విరిగిందనీ, డాక్టరు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలంటున్నారనీ, ఏం చేయాలో చెప్పమని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఇంకో డాక్టరుకి చూపించమన్న అందరికీ థాంక్స్, అదే పనిచేసింది.

ఆ రెండో డాక్టరు ఎక్స్‌రే తీసి, చల్లటి దూది పన్నుకి ఆనించారు. జివ్వుమంది, తీయగానే తగ్గిపోయింది. నరం బాగానే ఉంది, రూట్ కెనాల్ అక్కర్లేదన్నారు. మిగతా గోడలు గట్టిగా ఉన్నాయి కాబట్టి క్యాప్‌కి లాగా చుట్టూ అరగదీయకుండా సిరామిక్ ఆన్‌లే చాలన్నారు. మూల విరగకుండా మధ్యలో గుంత మాత్రమే ఉంటే, ఆ గుంతలోనే అతికించే ఇన్‌లే సరిపోయేదట. మొదటి రోజు అచ్చు తీసుకుని, 10 రోజులకి అతికించారు. కాస్త ఎత్తుగా తగిలితే ఎక్కడ తగులుతోందో మరక పడే నీలం కాగితం కొరికించి సరిచేశారు.

నిన్న ఆ వైపే వేయించిన పల్లీలు నమిలాను, నొప్పి లేదు.