టెక్సస్‌లో ప్రిన్సిపల్ సర్టిఫికెట్: ఇండియా ఎం.ఎస్సీ చాలా, మళ్ళీ ఎం.ఎడ్ చెయ్యాలా?

అందరికీ నమస్తే అండీ. డాలస్ దగ్గర మిడిల్ స్కూల్లో మ్యాథ్స్ చెప్తున్నా, స్టాండర్డ్ టీచర్ సర్టిఫికెట్ ఉంది, ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌కి అడిగే రెండేళ్ళ టీచింగ్ అనుభవం ఎప్పుడో దాటేసింది, ఇక అసిస్టెంట్ ప్రిన్సిపల్ వైపు వెళ్దామని ఉంది. ఇక్కడ ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌కి మాస్టర్స్ కావాలి కదా, నాది వరంగల్లో చేసిన ఎం.ఎస్సీ, విదేశీ డిగ్రీలకి చేయించే ఇవాల్యుయేషన్‌లో ఇక్కడి మాస్టర్స్‌తో సమానమనే వచ్చింది. మాస్టర్స్ ఏ సబ్జెక్టులోదైనా పర్లేదు కాబట్టి ఉత్త సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ చేస్తే చాలని నేననుకుంటుంటే, మా స్టాఫ్‌లో ఒకావిడ ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో ఎం.ఎడ్ లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరని ఒకటే భయపెడుతోంది. నిజమేనా? రెండిటికీ ఫీజు తేడా చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

ఇంకోటి, ప్రోగ్రామ్‌లో భాగంగా స్కూల్లో మెంటర్ కింద ప్రిన్సిపల్ పనులు నేర్చుకునే ఆ 160 గంటల ప్రాక్టికమ్‌ని రోజంతా క్లాసులు చెప్పుకుంటూ ఎలా పూర్తి చేశారు? బస్ డ్యూటీ, లంచ్ డ్యూటీ లాంటివి మీ మెంటర్ లెక్కలో రాసుకోనిచ్చారా, లేక పేరెంట్ మీటింగులు, టీచర్ల అబ్జర్వేషన్లు ఉంటేనే ఒప్పుకున్నారా?

ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌కి రాయాల్సిన టెక్సెస్ 268 పరీక్ష అంటారా, కూర్చుని చదువుకుంటా. నా బెంగంతా దాంతోపాటు స్కూల్లో చేసిన పనిని రాసి పంపాల్సిన పి.ఏ.ఎస్.ఎల్ అనే అసెస్‌మెంట్ గురించే. మూడు టాస్కులు రాయడం ఒకెత్తు, మూడోదాంట్లో తోటి టీచర్లతో కలిసి పనిచేస్తున్న వీడియో పెట్టాలంట, కెమెరా అనగానే మావాళ్ళలో సగం మంది కాఫీ అని జారుకునే రకం. వాళ్ళని ఎలా ఒప్పించారు?

ఇండియా డిగ్రీతో ఈ దారిలో వెళ్ళి అసిస్టెంట్ ప్రిన్సిపల్ పోస్టు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్, ఆగస్టులో స్కూల్ మొదలయ్యేలోపే ఏదో ఒకదాంట్లో చేరిపోవాలి.