రాత్రి కాల్స్‌లో నా మాట అవతలివారికి ముక్కలుముక్కలుగా చేరుతోంది

రోజూ రాత్రి 8:30 నుంచి 10:30 దాకా ఇంటర్నెట్ కాల్స్‌లో నా మాట తెగిపోతోంది. ‘రేపు పదింటికి రండి’ అంటే అవతలివారికి ‘రే... టికి... డి’ అని వినిపిస్తోంది. వారి మాట మాత్రం నాకు గంట కొట్టినట్టు వస్తుంది. పగలు ఏ ఇబ్బందీ లేదు.

ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్. వైఫై వదిలి ల్యాప్‌టాప్‌కు నేరుగా లాన్ కేబుల్ పెట్టాను. హెడ్‌సెట్ మార్చాను, ఇంట్లో మిగతా ఫోన్లన్నీ వైఫై నుంచి తీసేశాను, రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్స్ డేటాలో రౌటర్ జోక్యం చేసుకునే సెట్టింగ్) ఆపేశాను. ఫలితం లేదు. అదే ల్యాప్‌టాప్‌తో మొబైల్ హాట్‌స్పాట్ మీద మాట్లాడితే ఆ వేళలోనూ మాట శుభ్రంగా వెళ్తోంది.

పింగ్, అంటే చిన్న డేటా ముక్క (ప్యాకెట్) వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం చూస్తే రౌటర్ వరకు ఎప్పుడూ 1 మిల్లీసెకనే. గూగుల్ సర్వర్ 8.8.8.8కు పగలు 14 ఉండేది రాత్రి 30 నుంచి 300 మధ్య ఊగుతోంది. నూటికి ఐదారు ప్యాకెట్లకు జవాబే రావడం లేదు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ చేయమంటారు, అందులో 95 వస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు. మాటకు 100 కేబీపీఎస్ ఉంటే చాలు, కావలసింది ప్యాకెట్లు పోకుండా సమయానికి చేరడం. ఇది ఎంత చెప్పినా వారు వినిపించుకోవడం లేదు.

లోపం మా ఇంట్లో కాదు, వాళ్ల లైన్‌లోనే ఉందని కాదనలేకుండా చూపాలంటే ఏ పరీక్ష చేసి, ఏ ఫలితాన్ని పంపాలి?