సముద్ర తాబేళ్లకు శాటిలైట్ ట్యాగులు: నిజంగా రక్షణేనా, ఉత్త గీతలేనా?

ఇసుకదారి:

ఈ ప్రశ్న చాలా రోజులుగా నాలో నలుగుతోంది, సూటిగానే అడుగుతాను. సముద్ర తాబేలు వీపు మీద ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ (అదే శాటిలైట్ ట్యాగు) అతికిస్తే ఆ తాబేలుకు ఒరిగేదేమిటి?

గుడ్ల కాపలాకు వాలంటీరుగా వెళ్లినప్పుడు ఈ పని దగ్గర నుంచి చూశాను. గుడ్లు పెట్టి నీళ్ల వైపు మళ్లిన తల్లి తాబేలును నాలుగు చెక్కల మధ్య ఆపారు. డిప్ప మీది నాచు, గుల్లలు గీకేశారు. గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఎపాక్సీ జిగురు పరిచి ట్యాగు నొక్కిపెట్టారు. జిగురు గట్టిపడేదాకా రెండు గంటలు పట్టింది. అంతసేపూ అది తలతో చెక్కను తోస్తూనే ఉంది. చెక్క తీయగానే ఒక్క క్షణం కూడా ఆగలేదు, అలల్లోకి వెళ్లిపోయింది.

తర్వాత నాలుగు నెలలు సిగ్నల్ వచ్చింది. మ్యాపు మీద ఎర్రగీత పెరుగుతూ పోయింది. ఆ గీత సాగిన నీళ్లలోనే చేపల వేట కూడా యథావిధిగా సాగింది. దీంతో ఏం చేస్తారని ఆ బృందాన్ని అడిగితే “డేటా మా దగ్గర భద్రంగా ఉంది” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కెంప్స్ రిడ్లే తాబేళ్ల సంగతే తీసుకోండి. 1985లో వాటి గూళ్లు 702కి పడిపోయాయి. ఆ జాతిని ఆ స్థితి నుంచి లేపిందేమిటి? మెక్సికోలోని రాంచో న్యూవో తీరంలో 1966 నుంచి సాగిన కాపలా, రొయ్యల ట్రాలర్ల వలల్లో తాబేలు బయటపడే దారి ఉండేలా బిగించిన టెడ్ చట్రాలు. మనుషులు రాత్రంతా తీరంలో కాపలా కాశారు, వలలు మారాయి. ఇందులో శాటిలైట్ పాత్ర ఎంత? ఒక్కో ట్యాగుకు వేల డాలర్లు అవుతాయి. ఆ డబ్బు కాపలాకు, టెడ్‌లకు వెళ్లాలన్నది నా వాదన.

లోతునీరు:

ఇసుకదారి గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ వాదనతో ఏకీభవించలేను. మీరు చూసింది తీరం. ఆడ తాబేలు జీవితంలో తీరం మీద గడిపేది కొన్ని రాత్రులే. మగది పిల్లగా నీళ్లలోకి వెళ్లాక చాలాచోట్ల మళ్లీ ఇసుక తొక్కదు. మిగతా బతుకంతా ఎక్కడ గడుస్తోందో తెలియకుండా ఎక్కడని కాపలా కాస్తాం?

1996 ఆగస్టులో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దగ్గర అడెలిటా అనే లాగర్‌హెడ్ తాబేలుకు ట్యాగు పెట్టి వదిలారు. 368 రోజుల్లో సుమారు 11,500 కిలోమీటర్లు ఈది జపాన్ చేరింది. బాహా నీళ్లలో మేసే లాగర్‌హెడ్‌లు జపాన్ తీరాల్లో పుట్టినవని జన్యు పరీక్షలు అంతకు ముందే చెప్పాయి, కానీ ఒక తాబేలు పసిఫిక్ దాటుతుంటే రోజూ చూడటం వేరు. చివరి సిగ్నళ్లను బట్టి చేపల పడవకు చిక్కి ఉంటుందని పరిశోధకులు అనుమానించారు.

కథ అక్కడితో ఆగలేదు. తర్వాత బాహా నీళ్లలోనే మరో 30 లాగర్‌హెడ్‌లకు ట్యాగులు పెట్టారు. 2007లో ఫలితాలు వచ్చాయి. అప్పటిదాకా అందరూ నడిసముద్రంలోని పెద్ద లాంగ్‌లైన్ ఓడలనే, అంటే వరసగా గాలాలు కట్టిన పొడవాటి తాళ్లతో వేటాడే ఓడలనే తప్పుపడుతున్నారు. కానీ ఈ పిల్ల తాబేళ్లు ఎక్కువ కాలం గడిపేది బాహా తీరానికి దగ్గర్లో, చిన్న పడవలు వేటాడే చోటనే అని తేలింది. రెండే రెండు చిన్న పడవల గుంపుల వల్ల ఏటా కనీసం వెయ్యి లాగర్‌హెడ్‌లు చనిపోతున్నాయని అంచనా వేశారు. ఉత్తర పసిఫిక్ మొత్తంలో పెద్ద ఓడల వల్ల పోయేవాటితో సమానం! అప్పుడు జపాన్, హవాయి జాలర్లూ బాహా జాలర్లూ కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. కొందరు అడుగున వేసే గాలాల తాళ్లను పక్కన పెట్టేశారు. ఆ గీతలు లేకపోతే ఆ మాటలు మొదలయ్యేవే కావు.

వలతాడు:

మా ఇంట్లో మూడు తరాలు వేట మీదే బతికాం, అందుకని ఈ చర్చలోకి వస్తున్నాను. తాబేలు వలలో పడితే మాకూ నష్టమే. వల చిరుగుతుంది, ఒక పూట వేట పోతుంది. చచ్చిపోయిన దాన్ని వల నుంచి విడదీసే చేతులు మావే, ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు.

చచ్చిందనుకున్న తాబేలు కొన్నిసార్లు చావదు. నీళ్లు మింగి స్పృహ తప్పుతుంది, అంతే. వెనక భాగం జానెడు ఎత్తులో పెట్టి, ముక్కు కప్పకుండా ఒంటి మీద తడిబట్ట వేసి, నీడలో కొన్ని గంటలు ఉంచితే మళ్లీ ఊపిరి తీసుకోవచ్చు. ఈ సంగతి నాకు ఏ పడవలోనూ ఎవరూ చెప్పలేదు, చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు నీళ్లలోకి తోసేసినవాటిలో ఎన్ని బతికి ఉండేవో తలచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

మ్యాపుల గురించి నా భయం ఒకటే. గీత కనిపించగానే దాని చుట్టూ గడి గీసి “ఇక్కడ వేట నిషేధం” అంటారు. ఆ గడి ఎప్పుడు, ఎన్ని రోజులు, ఏ వలకు అన్నది మమ్మల్ని అడగరు. బాహాలో జాలర్లను కూర్చోబెట్టి మాట్లాడారంటే అక్కడ పద్ధతి బాగుంది. అన్నిచోట్లా అలా జరగదండీ.

లోతునీరు:

వలతాడు గారు చెప్పింది నిజం. నిషేధం లేకుండా ట్రాకింగ్‌ను వాడిన ఉదాహరణ ఒకటుంది. హవాయి నుంచి కత్తిచేపల కోసం వెళ్లే లాంగ్‌లైన్ పడవలకు ఏడాదికి 17 లాగర్‌హెడ్‌లు అనే పరిమితి ఉండేది. 2006 మార్చిలోనే ఆ 17 నిండటంతో వేట మొత్తం ఆపేశారు. అదే ఏడాది టర్టిల్‌వాచ్ అనే మ్యాపు మొదలైంది. లాగర్‌హెడ్‌లు ఎంత వేడి నీళ్లలో తిరుగుతాయో ట్యాగుల ద్వారా తెలుసుకుని, సముద్రం పై నీటి ఉష్ణోగ్రతతో కలిపి, ఫలానా చోట గాలాలు వేయకండని పడవలకు చెప్పేవారు. సుమారు 18.5 డిగ్రీల దగ్గర గీత. పాటించడం వాళ్ల ఇష్టం. తాబేలు చిక్కితే వేట ఆగిపోతుంది కాబట్టి మ్యాపు చూడటం జాలరికీ లాభమే.

కొలబద్ద:

ఈ గీతలు ఎలా పుడతాయో కూడా మాట్లాడుకుందాం. చూసేవాళ్లకు అది రోడ్డు మీద బండి వెళ్లిన దారిలా కనిపిస్తుంది. కానీ అలా కాదు.

ట్యాగుల సిగ్నళ్లను అందుకోవడానికి 1978 నుంచి నడుస్తున్న ఆర్గోస్ వ్యవస్థలో ఉపగ్రహం ధ్రువాల మీదుగా తిరుగుతుంది. ఒక చోటు మీదుగా దాటడానికి పది నిమిషాలు పడుతుంది. తాబేలు ఊపిరికి పైకి వచ్చినప్పుడే యాంటెనా గాల్లో ఉంటుంది, ఉప్పునీటిలో మునగగానే ట్యాగులోని స్విచ్ ప్రసారం ఆపేస్తుంది. ఆ కొద్ది క్షణాల్లో పోయిన సిగ్నళ్ల ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి స్థానం లెక్కగడతారు. బాగా కుదిరితే తేడా 250 మీటర్ల లోపు, కుదరకపోతే కిలోమీటర్లు. ఫాస్ట్‌లాక్ జీపీఎస్ వచ్చాక చాలా మెరుగైంది, దానికి సెకనులో పదో వంతు కూడా అక్కర్లేదు. అయినా, సిగ్నల్ ఆగిపోతే తాబేలు చనిపోయిందా, బ్యాటరీ అయిపోయిందా, ట్యాగు ఊడిందా అన్నది చాలాసార్లు తేలదు. ఎనిమిది తాబేళ్ల దారి చూసి వేల తాబేళ్ల దారి ఇదేనని చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇక ఇసుకదారి గారు చూసిన దాని వెనక ఉన్న ప్రశ్న, ట్యాగు వల్ల తాబేలుకు కష్టమా అని. తాబేళ్ల అచ్చులను గాలి సొరంగంలో పెట్టి కొలిచిన పరిశోధన 2013లో వచ్చింది. పెద్ద తాబేలుకు ట్యాగు వల్ల నీటి నిరోధం 5 శాతం లోపే పెరుగుతుంది, చిన్నవాటికి మాత్రం 100 శాతం మించవచ్చు. లెదర్‌బ్యాక్‌ల డిప్ప మెత్తగా ఉంటుంది కాబట్టి వాటికి ఒకప్పుడు పట్టీలు కట్టేవారు. వాటితో ఈత నెమ్మదిస్తోందని తేలాక, వీపు మధ్య గట్టు మీద నేరుగా బిగించే పద్ధతి వచ్చింది. కాబట్టి ఏ తాబేలుకు ఏ ట్యాగు అన్నది చిన్న విషయం కాదు.

పిల్లల విషయంలో ఒక పని మాత్రం నాకు ఎంతో నచ్చింది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు కొన్నేళ్లు ఎక్కడ ఉంటాయో తెలిసేది కాదు, వాటిని “మాయమైన ఏళ్లు” అనేవారు. 2014లో ప్రచురించిన పరిశోధనలో 17 లాగర్‌హెడ్ పిల్లలకు చిన్న సోలార్ ట్యాగులు పెట్టారు. పెరిగే డిప్పకు జిగురు పట్టదు. గోళ్ల సింగారానికి వాడే యాక్రిలిక్ పూసి, దాని మీద అతికించారు. కొన్ని పిల్లలు అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం వదిలి సర్గాసో సముద్రం వైపు వెళ్లాయి. ఊరికే కొట్టుకుపోతాయన్న పాత అభిప్రాయం అక్కడితో పోయింది.

ఇంకొక్క మాట: దయచేసి లైవ్ మ్యాపులు అందరికీ తెరిచి పెట్టకండి. 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో ఒక పులి జీపీఎస్ కాలర్ సమాచారం వచ్చే ఈమెయిల్‌లోకి ఎవరో చొరబడబోయారు. వేటగాళ్లకు మనమే చిరునామా ఇవ్వకూడదు.

ఇసుకదారి:

బాహా సంగతి నాకు తెలియదు. చదివాక మొదటి పోస్టులో నేను వాడిన “ఒరిగేదేమిటి” అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా ప్రశ్న పూర్తిగా పోలేదు. 2016లో జెఫర్స్, గాడ్లీ అనే పరిశోధకులు రాసిన సమీక్ష శీర్షికే దాదాపు ఈ ప్రశ్న: ఈ ట్రాకింగ్ ఫలం రక్షణ దాకా చేరేదెలా? అంటే ఆ రంగంలో ఉన్నవాళ్లకే ఆ వెలితి తెలుసు.

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులు చూడండి. 2010లో అక్కడ సుమారు 6,40,000 చదరపు కిలోమీటర్ల రక్షిత సముద్రం ప్రకటించారు. గుడ్లు పెట్టిన ఎనిమిది గ్రీన్ టర్టిల్స్‌కు ట్యాగులు పెడితే చాలా వరకు ఆ హద్దులు దాటి వెళ్లిపోయాయి. ఒకటి 3,979 కిలోమీటర్లు ఈది సోమాలియా చేరింది. హద్దు సరిపోదని తెలిసింది, సరే. సోమాలియా నీళ్లలో దాన్ని ఎవరు కాపాడాలి?

శాటిలైట్ లేకుండా కూడా కొన్ని తెలుస్తాయి. 2021లో ఒడిశాలోని గహీర్మాతాలో ముందు రెక్కకు లోహపు ట్యాగు వేసిన ఆలివ్ రిడ్లే, 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి! బ్యాటరీ లేని చిన్న బిళ్ల చెప్పిన సంగతి అది.

లోతునీరు:

ఆ బిళ్ల రెండు చుక్కలు చెప్పింది. మధ్యలో నాలుగేళ్లు ఏ వలల పక్క నుంచి వెళ్లిందో చెప్పలేదు కదా. మనకు కావలసింది అదే.

చాగోస్‌లో ఇంకోటి కూడా జరిగింది. ట్యాగు పెట్టిన గ్రీన్ టర్టిల్స్ ఒకే చోట ఆగుతుంటే, అక్కడ ఏముందో చూడటానికి మనుషులు దిగారు. ఎవరికీ తెలియని సముద్రపు గడ్డి మైదానాలు దొరికాయి. తాబేళ్ల దారి పట్టుకుని వాటి మేత నేలను కనుక్కున్నారు.

ఇసుకదారి:

ఒప్పుకుంటాను. వచ్చే సీజన్‌కు నన్ను మళ్లీ పిలిచారు, తాబేలును పట్టుకోవడానికి చేతులు కావాలట. వెళ్తాను, అయితే చెక్కలు పెట్టకముందే ఒకటి అడుగుతాను: ఈ మ్యాపు ఎవరి చేతికి వెళ్తుంది, ఏ తేదీకి వెళ్తుంది? జవాబు లేకపోతే ఆ రాత్రి నేను గుడ్ల కాపలాకే నడుస్తాను, ట్యాగు పనికి రాను.

వలతాడు:

ఎవరి చేతికి అంటే, మా రేవుకు తెండి. ఏ నెలలో, ఎంత లోతులో తిరుగుతున్నాయో మా భాషలో చెప్పండి. ఆ రోజులకు వల మార్చుకోవడం మాకు చేతనవుతుంది. మీ గీత ఎక్కడ తప్పో కూడా మేమే చెప్తాం, అవి తల పైకెత్తేది మేం రోజూ చూస్తూనే ఉంటాం కదా.