రాజాం షెడ్డులో బయటపడ్డ పాత లారీ: ఆల్బియనా, కాదా?

రాజాం_మిల్లు:
మా ముత్తాత కట్టించిన బియ్యం మిల్లు వెనక షెడ్డు కూలింది. రేకులు తీస్తే కింద పాత లారీ కనిపించింది. చెక్క చువ్వల చక్రాలు, గాలి లేని గట్టి రబ్బరు టైర్లు. చైన్ లేదు. రేడియేటర్ లేదు, చక్రాల మధ్య ఉండే ఇత్తడి మూతలు నాలుగూ లేవు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ మీద 'కాంటినెంటల్' అని, వెనక ఇరుసు మీద 'టోర్బెన్సెన్' అని ఉంది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ఆల్బియన్ అంటున్నారు. సంక్రాంతికి రంగులేసి మిల్లు ముందు నిలబెట్టాలని మా పెదనాన్న పట్టుదల. బోర్డు మీద ఏం రాయించాలి?

సాలూరు_స్టీరింగ్:
ఆల్బియనే. ఆ లారీ నడిపింది మా తాత. 'మిల్లు ఆల్బిన్' అని ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

బోల్టు_నట్టు:
ఆల్బియన్ కాదు. అది 1899లో బ్రిటన్‌లోని గ్లాస్గోలో మొదలైన కంపెనీ, ఇంజిన్ సొంతంగా చేసుకునేది. మొదటి ప్రపంచ యుద్ధానికి వాళ్లిచ్చిన మూడు టన్నుల లారీల్లో వెనక చక్రాల్ని చైన్లు తిప్పేవి. మీ బండికి చైన్ లేదు. కాంటినెంటల్ అమెరికా ఇంజిన్.

కాంటినెంటల్ అని రాసి ఉంది కదా అని అది కాంటినెంటల్ లారీ అనుకోకండి. ఆ రోజుల్లో అమెరికాలో ఇంజిన్ ఒకరి దగ్గర, ఇరుసు ఇంకొకరి దగ్గర కొని, బిగించి, తమ పేరు పెట్టుకునే చిన్న కంపెనీలు చాలా ఉండేవి. ఇంజిన్ మీద, ఇరుసు మీద కనిపించేది ఆ భాగం చేసినవాడి పేరే. బండి పేరు రేడియేటర్ మీద, చక్రాల మూతల మీద ఉంటుంది. మీకు పోయినవి సరిగ్గా అవే.

నా అనుమానం మిచిగన్ రాష్ట్రంలోని ఆల్మా ఊళ్లో తయారైన రిపబ్లిక్ మీద. టోర్బెన్సెన్ ఇరుసులు అందరికంటే ఎక్కువ కొన్నది వాళ్లే, 1917లో ఆ ఇరుసుల కంపెనీనే కొనేశారు. కానీ అదే ఇరుసు వేరేవాళ్లూ వాడారు కాబట్టి ప్రమాణం చేసి చెప్పలేను.

బొబ్బిలి_కోట:
రాజాం శ్రీకాకుళం కదా? విజయనగరం విభాగంలో పెట్టారేంటి?

రాజాం_మిల్లు:
2022 నుంచి విజయనగరం జిల్లానే అండీ.

సాలూరు_స్టీరింగ్:
ఇంజిన్ మార్చి ఉంటారు. మా సాలూరులో ఇంజిన్ మార్చని లారీ ఉందా? ఇంజిన్ మారిస్తే బండి పేరు మారిపోతుందా?

బోల్టు_నట్టు:
ఇంజిన్ మార్చారనుకుందాం. ఇరుసూ మార్చారా? తమ్ముడూ రాజాం, ఒక పని చెయ్. ఛాసిస్‌కి ఉన్న అర అంగుళం ముతక థ్రెడ్ బోల్టు ఒకటి విప్పి, అంగుళానికి ఎన్ని థ్రెడ్లో లెక్కపెట్టు. బ్రిటన్ బోల్టుకి 12, అమెరికా బోల్టుకి 13. పావు అంగుళానికీ మూడు ఎనిమిదోవంతుకీ రెండు దేశాల్లో లెక్క ఒకటే, అందుకే అర అంగుళందే చూడాలి.

రాజాం_మిల్లు:
కిరోసిన్‌లో రెండు రోజులు నానబెట్టి మూడు విప్పాను. మూడింటికీ 13.

సాలూరు_స్టీరింగ్:
మూడు బోల్టులు లెక్కపెట్టి మా తాతని అబద్ధాలకోరు చేసేశారు. ఆ స్టీరింగ్ పట్టుకున్నది మీరా, ఆయనా?

బోల్టు_నట్టు:
ఆ మాట ఎవరన్నారు? ఇవాళ మట్టి తవ్వే బండి ఏ కంపెనీదైనా మనం జేసీబీ అనే అంటాం. ఆ రోజుల్లో పెద్ద లారీని ఆల్బిన్ అని ఉంటారు. అది అబద్ధం కాదు. కానీ బోర్డు మీద తప్పు రాయిస్తే రేపు చూసినవాడు అదే నిజమనుకుంటాడు. నాకున్న బాధ అదొక్కటే.

నాగావళి_గట్టు:
అన్నా, మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోండి.

సాలూరు_స్టీరింగ్:
ఫోన్‌లో ఎందుకు, ఇక్కడే చెప్తాను. ఆ బండికి సెల్ఫ్ లేదు, ముందు హ్యాండిల్ వేసి తిప్పాలి. ఇంజిన్లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో మార్చే స్పార్క్ లివర్ ఒకటి ఉంటుంది, దాన్ని వెనక్కి లాగకుండా తిప్పితే ఇంజిన్ ఎదురు తంతుంది. ఒక తెల్లవారుజామున క్లీనర్ కుర్రాడు ఆ లివర్ లాగడం మరిచాడు. మా తాత కుడి మణికట్టు విరిగింది. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. మిల్లు వాళ్లు ఒక బస్తా బియ్యం పంపించి ఊరుకున్నారు. ఆ చేత్తోనే ఆయన బస్టాండు దగ్గర బెల్లం అమ్మాడు.

ఇప్పుడు రంగులేసి ముందు పెడతారు. బోర్డు మీద మీ ముత్తాత పేరు, మీ పెదనాన్న పేరు, అమెరికా కంపెనీ పేరు. నడిపినవాడి పేరు రాయాలని ఇన్ని రోజుల్లో ఒక్కరైనా అన్నారా?

రాజాం_మిల్లు:
అన్నా, నాకు ఈ సంగతి తెలీదు. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. రాత్రి పెదనాన్నని అడిగాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత 'నిజమే' అన్నాడు. పేరు రాయించే పూచీ నాది. ఆయన పూర్తి పేరు చెప్పండి.

బోల్టు_నట్టు:
నేనూ ఆ మాట ముందు అడగాల్సింది. బోల్టుల మీదే పడ్డాను.

సాలూరు_స్టీరింగ్:
పేరు ఆదివారం వచ్చి చెప్తాను. ఇంకొకటి. మీకు కనపడని ఇత్తడి మూతల్లో ఒకటి మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. పని మానేసిన రోజు తాత తెచ్చుకున్నాడు. మా నానమ్మ అందులో కుంకం వేసుకునేది. చింతపండుతో తోమీ తోమీ అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి.

బోల్టు_నట్టు:
ఎన్ని అక్షరాలున్నాయి? చివరిది కనిపిస్తుందా? కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ ఫొటో పెట్టన్నా.

సాలూరు_స్టీరింగ్:
ముందు బోర్డు రాయించనివ్వండి. మూత నేనే తెచ్చి చక్రానికి బిగిస్తాను.